ఆకులేని బదనిక



చెట్టునకు సంస్కృతమున పాదపమని పేరు. పాదములతో త్రాగునది అని దాని యర్థము. వేళ్లతో నీరు త్రాగును. ఆకులతో ఎండను పట్టి అన్నము వండుకొనును. నూయి క్రింద, వంటయిల్లు పైన. మనమెఱిగిన చెట్ల సంసారమంతయు ఇట్లే నడచును. ఆకు కనబడని మొక్కలు మన పొలము గట్లమీదను లేకపోలేదు. కాడజెముడున్నది, బ్రహ్మజెముడున్నది, వానికి కాడయే ఆకు పని చేయును. కంచెలమీద పచ్చని దారపు చిక్కువలె అల్లుకొను సీతమ్మవారి పోగునూలున్నది. అది పరుల సొమ్ము తిని బ్రదుకునది గనుక దానికి ఆకుతో నిమిత్తము లేదు. కాని ఆకు లేక, కన్నులకు ఆనునంత కాడయు లేక, ఒకరి సొమ్ము తినక, వట్టి వేళ్ల గుత్తియై చెట్టు బెఱడును కఱచుకొని, త్రాగుటయు వండుటయు ఊపిరి పీల్చుటయు ఆ వేళ్లతోనే జరుపుకొను మొక్కను గుఱించి మీలో పెక్కురు వినియుండరు. నేనును అఱువది యేండ్లు వచ్చువఱకు వినలేదు. ఆ మొక్క చరిత్రయే నేటి నా ప్రసంగము.

నేను ముప్పదియైదేండ్లు తెలుగు చెప్పిన బడిపంతులను. భాషాప్రవీణ పరీక్షకై అమరమును వల్లెవేసినవాడనే గాని వృక్షశాస్త్రము చదివినవాడను కాను. అట్టివాడు మొక్కలనుగూర్చి మాటలాడుటకు కారణము నేను చేసిన యొక తప్పు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో మా బడికి తనిఖీ వచ్చుచున్నదని తెలిసి, తోట శోభగా నుండవలెనను తలంపుతో, చెఱువు గట్టున చింతచెట్టుమీద పూచియున్న బదనికలను ఆఱింటిని పిల్లలచేత పెఱికించితిని. కుండలలో మంచి నల్లమట్టి పోయించి నాటించితిని. ఉదయము సాయంకాలము నీరు పోయించితిని. తనిఖీ నాటికి పూలు వాడలేదు; నాకు మెప్పు వచ్చినది. నెల తిరుగకమునుపే ఆఱింటికి ఆఱును వేళ్లు క్రుళ్లి చచ్చినవి. పశువులు కాచు ఒక ముసలివాడు ఆ కుండలను చూచి, "పంతులుగారూ, అది మట్టి ముట్టదు గదండీ. గాలి తాగే మొక్కండీ. చెట్టు దింపితే బతకదండీ" అనెను. అతడెన్నడును బడికి పోయినవాడు కాడు. అతనికి తెలిసిన యీ చిన్న సంగతి ఐరోపాలోని ధనవంతులకు, వారి తోటమాలులకు, వారు నమ్మిన శాస్త్రజ్ఞులకు నూఱేండ్ల కాలము సరిగా తెలియలేదని తరువాత చదువుకొని ఆశ్చర్యపడితిని.

బదనిక యను పేరులోనే మనకును ఒక చిక్కున్నది. అమరకోశమున వంద యను మొక్కకు వృక్షాదని యనియు, వృక్షరుహ యనియు పర్యాయపదములున్నవి. మొదటిదానికి చెట్టును తినునదని యర్థము. రెండవదానికి చెట్టుపై మొలచునదని యర్థము. మామిడికొమ్మలో వేరు దూర్చి రసము పీల్చి కొమ్మను ఎండగట్టు బదనిక వేఱు. బెఱడుపై ఊరక కూర్చుండి వానను, మంచును, కొట్టుకొనివచ్చిన ధూళిని పట్టుకొని బ్రదుకు బదనిక వేఱు. ఈ రెండవదియే ఇంగ్లీషువారు ఆర్కిడ్డని పిలుచు కుటుంబములోనిది. మన తోటమాలులు రెంటిని ఒకే కత్తితో కోయుదురు. సామర్లకోటలో తోట నడపిన విలియం రాక్స్‌బరో, 1795 లో ప్రకటింప నారంభించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో మన చింతచెట్లమీది యీ బదనికకు బొమ్మ చేర్చెను. ఆ గ్రంథపు బొమ్మలు వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులే. విలియం జోన్సు పండితుడు వాడిన వంద యను సంస్కృతపు మాటను 1820 లో రాబర్ట్ బ్రౌను శాస్త్రనామముగా స్థిరపఱచెను. నేడు లోకమంతట అమ్మకమగు ఒక గొప్ప పూలజాతి మన నిఘంటువులోని పేరుతోనే చలామణి యగుచున్నది. ఇది మనవారిలో ఎందఱికి తెలియును?

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు, బెల్జియము దేశములలో ఈ పూలమీద ఒక వెఱ్ఱి పుట్టినది. గాజుటిండ్లు కట్టి, ఆవిరి గొట్టములతో వెచ్చచేసి, ఉష్ణదేశములనుండి ఓడలమీద మొక్కలను తెప్పించి వేలములో కొనుచుండిరి. జోసెఫ్ హుకరు అను మహాశాస్త్రజ్ఞుడు 1850 లో ఖాసీ కొండలలో నీలి వందను చూచి ఏడుగురు మనుష్యుల మోతలు కోయించి లండను దగ్గఱి క్యూ తోటకు పంపెను. ప్రాణముతో చేరినవి ఏ కొన్నియో. ఇది పరులు మోపిన నేరము కాదు. ఆయనయే తన యాత్రాగ్రంథమున వ్రాసికొన్న సంగతి. మఱియొకరు పంపిన ఒక్క మోత వాడిపోయియు మున్నూఱు పౌనులకు అమ్ముడుపోయినదనియు ఆయనయే వ్రాసెను. ఆ ధర విన్న తరువాత కొండలలో మొక్కలు నిలుచునా? 1891 లో ఆల్బర్ట్ మిల్లికన్ అను పూలవేటగాడు దక్షిణ అమెరికాలో తాను జరిపిన సేకరణనుగూర్చి గ్రంథము ప్రకటించెను. పదివేల మొక్కలకొఱకు నాలుగువేల చెట్లను కూల్చిన లెక్క అందులో కలదు. చెట్టెక్కుటకంటె చెట్టు పడగొట్టుట సులభమని వారి యాలోచన. మన యూళ్లలో తేనెపట్టుకై కొమ్మను నఱుకువానిని తిట్టుదుము గాని, ఆ వేటగానికి లోకము పుస్తకము వ్రాయుటకు కాగితమిచ్చినది.

ఆ కాలపు యాత్రికులలో జాన్ లిండెన్ ఒకడు. లక్సెంబర్గున 1817 లో పుట్టినవాడు. పందొమ్మిదవ యేటనే బెల్జియము ప్రభుత్వపు పనిమీద బ్రెజిలునకు పోయి, తరువాత మెక్సికో మొదలగు దేశములు తిరిగి, తుదకు బెల్జియమున పెద్ద మొక్కల వ్యాపారి యైనవాడు. అతడు 1844 లో క్యూబా ద్వీపమున ఒక విచిత్రమును చూచెను. చెట్టు మానుమీద బూడిదవన్నె కలిసిన ఆకుపచ్చని వేళ్లు సాలెపురుగు కాళ్లవలె నాలుగు దిక్కుల ప్రాకియున్నవి. ఆకు ఒక్కటి లేదు. ఆ వేళ్ల నడుమనుండి దారమువంటి సన్నని తొడిమపై ఒక తెల్లని పువ్వు గాలిలో వ్రేలాడుచున్నది. ముందుకు చాచిన పెదవికి రెండు పొడుగు తోకలు మెలివడి, ఎగురబోవు కప్ప కాళ్లవలె కనబడుచున్నవి. వెనుక అయిదంగుళములకు మించిన సన్నని గొట్టము, దాని అడుగున తేనె. వేళ్లు బెఱడు వన్నెలో కలిసిపోవుటవలన పువ్వు ఆధారము లేక గాలిలో తేలినట్లు తోచును. అందుచేత అక్కడివారు దానిని దయ్యపు ఆర్కిడ్డనిరి. 1846 లో జాన్ లిండ్లీ దానిని శాస్త్రరీత్యా వర్ణించి లిండెన్ పేరు పెట్టెను. జాతిపేరు తరువాత పలుమాఱులు మాఱినది. ఆ వివాదము మనకక్కఱలేదు. ఇప్పటి పేరు డెండ్రోఫైలాక్స్. గ్రీకుభాషలో చెట్టునకు కాపరి అని యర్థము. మన కోశమున చెట్టును తినునదన్న కుటుంబమును గ్రీకు మాటతో చెట్టునకు కావలి యనిరి. నాకు గ్రీకుపేరే న్యాయముగా తోచుచున్నది.

పార్వతీదేవి తపస్సున రాలిన ఆకులను తినుటయు మానుటచే అపర్ణ యైనదని మనకు పురాణప్రసిద్ధము. ఈ మొక్క ఆకులు పెట్టుటయే మానినది. మొలచినప్పుడు పొలుసువంటి ఆకు గుఱుతులు కనబడి, త్వరలోనే పోవును. అటుపిమ్మట వేళ్లే సర్వస్వము. ఆకులలో నుండు పచ్చని పదార్థమును మన పాఠ్యపుస్తకములు పత్రహరితమని వ్రాసినవి. ఇక్కడ పత్రము లేదు గాని హరితము వేళ్లలో నున్నది. వేరు పైన దూదివంటి తెల్లని పొర కలదు. వాన చినుకు పడగానే ఆ పొర నీటిని పీల్చి అద్దమువలె తేటపడి లోపలి పచ్చదనము బయటికి కనబడును. ఎండినప్పుడు మరల బూడిదవన్నె. వేళ్లమీద అక్కడక్కడ తెల్లని చిన్న గీతలుండును. అవి ఊపిరి త్రోవలు. పగటి ఎండలో త్రోవ తెఱచిన నీరు ఆవిరియై పోవునని, ఈ వేళ్లు రాత్రివేళ బొగ్గుపులుసు గాలిని లోనికి తీసికొని దాచుకొని, తెల్లవారిన తరువాత ఎండ సాయముతో వంట సాగించును. బీదవాని యింటి పొదుపువంటిది ఈ కాపురము.

ఇట్టి మొక్కను పెఱికి, పెట్టెలో పెట్టి, నెలల ఓడప్రయాణము చేయించి, గాజుటింటిలో వ్రేలాడగట్టినచో ఏమగును? ఇతర జాతులకు ఆకులో, దుంపలో కొంత నిలువ సొమ్ముండును; దానితో కొన్నాళ్లు ఈడ్చును. దీనికి వేరు తప్ప వేఱొండు నిలువ లేదు. ఆ వేరు బెఱడునకు అంటుకొని యుండును. ఊడబెఱుకునప్పుడు చీలని వేరుండదు. అనగా ఒక్క పెఱుకుతో దాని నోరును, వంటయిల్లును, ఊపిరితిత్తులును చినిగిపోవును. అందుచేత ఆకులేని జాతులు సేకరించువారి చేతులలో నిలువలేదు. మిగిలిన బదనికలలో నూటికి కొన్నియైన బ్రదికినవి; ఇవి చచ్చిపోయినవి. మరల తెమ్మనిరి, మరల తెచ్చిరి.

విత్తనము చల్లి పెంచరాదా యని మీరడుగుదురు. అదియే అసలు ముడి. ఆర్కిడ్డు కాయ ఒక్కదానిలో లక్షలకొలది విత్తులుండును. కాని అవి విత్తులని చెప్పుట మాటవరుసకే. పొగాకు విత్తు వాని ముందు గుమ్మడిగింజ. కంటికి ధూళి. వడ్లగింజలో మొలకకు తల్లి మూటగట్టిన బియ్యమున్నది, కొబ్బరికాయలో గుజ్జున్నది. ఆర్కిడ్డు విత్తులో మొలక తప్ప మూట లేదు. గాజుటిండ్లలో చల్లిరి, ఒకప్పుడు ఏ తల్లిమొక్క మొదటనో కొన్ని మొలచినవి, పెక్కుమాఱులు ఏమియు మొలవలేదు. ఎందుకు మొలచినవో, ఎందుకు మొలవలేదో ఎవరికిని తెలియలేదు.

ఆ ముడి విప్పినది ఆకులేని ఆర్కిడ్డే. అయితే దయ్యపు ఆర్కిడ్డు కాదు. దానికి దూరపు చుట్టము. ఆకులేనివానిలో రెండు తెగలున్నవని మీరు గుఱుతుంచుకొనవలెను. ఒక తెగకు వేళ్లలో పచ్చదనముండును. రెండవ తెగకు ఒడలిలో ఎక్కడను పచ్చదనమే యుండదు. అడవిలో క్రుళ్లిన ఆకుల క్రింద బూజుతో కలిసి బ్రదుకుచు, పూచుటకు మాత్రము పైకి వచ్చును. ఐరోపా అడవులలో ఇట్టివి కలవు. అఫిల్లం, అనగా ఆకులేనిది, అను పేరుగల యొకదానిని ఇంగ్లండులో మొట్టమొదట 1854 లో ఒక గృహిణి యేటిగట్టున కనుగొని, ముచ్చటపడి, తన తోటలో నాటుకొనెను. అది చచ్చినది. ఆమె చేసినదే నేనును చేసితిని గనుక ఆమెను తప్పుపట్టు అర్హత నాకు లేదు. అటుపిమ్మట బ్రిటనులో అది ఏండ్లకొలది కనబడక, అంతరించినదని తేల్చిన తరువాత 2009 లో ఒకటి మరల తలయెత్తెను.

ఇక ఫ్రెంచివాడైన నోయెల్ బెర్నార్డు కథ. 1874 లో పారిసు నగరమున పుట్టినవాడు. 1899 నాటికి ఇరువదియైదేండ్లవాడు, సైనికసేవలో నుండెను. ఆ యేటి మే నెల 3 వ తేదీన ఫాంటెన్‌బ్లో అడవిలో తిరుగుచుండగా, పక్షిగూడు అను పేరుగల ఆకులేని ఆర్కిడ్డు యొక్క ఎండిన కాడ యొకటి రాలిన ఆకుల క్రింద పూడియుండుట చూచెను. మఱియొకడు త్రొక్కి పోయెడివాడు. ఆయన తీసి చూచెను. కాయ పగులక లోపలనే విత్తులు మొలకలెత్తి యున్నవి. ఎవరికిని మొలవని విత్తు క్రుళ్లిన ఆకుల నడుమ తనంత తాను మొలచియున్నది. సూక్ష్మదర్శినిలో పెట్టి చూడగా మొలక మొలకలోను ఒక బూజు యొక్క దారములు చుట్టలు చుట్టుకొని యుండెను. తల్లి మూట గట్టి యియ్యని అన్నమును ఆ బూజు తెచ్చిపెట్టుచున్నది. ఆ వత్సరమే ఆయన తన యూహను ప్రకటించెను. తరువాత పదేండ్లు శ్రమించి, వేళ్లనుండి బూజును వేఱుచేసి, గాజుగొట్టములలో పెంచి, విత్తులతో చేర్చి, పచ్చని ఆర్కిడ్లకును ఇదియే త్రోవయని చూపెను. 1911 లో క్షయరోగముచే చనిపోయెను, ముప్పదియేడేండ్లు నిండలేదు. నాలుగువేల చెట్లు కూల్చినవారికి దొరకనిది, ఒక చచ్చిన కాడ ముందు మోకరిల్లినవానికి దొరకినది. నేను పిల్లలకు ఈ కథ చెప్పునపుడెల్ల ఇక్కడ కొంచెముసేపు ఆగుచుండెడివాడను.

ఆపిమ్మట 1922 లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున లూయిస్ నడ్సన్ అను ఆచార్యుడు మఱియొక మెట్టెక్కెను. బూజు ఇచ్చునది చక్కెరవంటి అన్నమే గదా, దానిని మనమే పెట్టరాదా యని, సముద్రపు నాచునుండి తీసిన జిగురులో చక్కెర, లవణములు కలిపి, ఇతర సూక్ష్మజీవులు చేరకుండ సీసాలలో విత్తులు చల్లెను. మొలచినవి. నేడు పట్టణములలో పూలదుకాణమున కుండీతో సహా దొరకు ఆర్కిడ్లు ఈ సీసాల సంతతి. అడవిని కొల్లగొట్టక పూలు పొందు విద్య చేతికి వచ్చినది. కాని వెఱ్ఱి తగ్గినదా? సీసాలో పుట్టినది చౌక గనుక, సీసాకు లొంగనిదే గొప్పయని ధనవంతులు మరల అడవివైపు చూచిరి. ఆకులేనివి అట్లు లొంగనివి.

ఇక్కడ ఒక రైతు సంగతి చెప్పక దాటజాలను. 1928 లో పశ్చిమ ఆస్ట్రేలియాలో కొరిగిన్ అను గ్రామము దగ్గఱ ఒక రైతు తన భూమిలో ఒకచోట నేల పగులునుండి మంచి వాసన వచ్చుట గమనించి త్రవ్వి చూచెను. నేలలోపలనే పుట్టి, నేలలోపలనే పూచు ఆర్కిడ్డు! ఎండమొగము చూడదు. ఒక జాతి పొదయు, బూజును, తానును ముగ్గురు కలిసి కాపురము చేయును. మన రైతులు నాగటిచాలులో లంకెబిందెలకై చూతురు. అతడు వాసన పట్టి శాస్త్రమునకు నిధి నిచ్చెను.

దయ్యపు ఆర్కిడ్డు దగ్గఱకు మరల వత్తము. అది క్యూబాలో గాక, అమెరికాలోని ఫ్లారిడా దక్షిణభాగపు ఊబినేలలలోను కలదు. మా రెండవ అమ్మాయి ఆ ప్రాంతమున కాపురమున్నది. 2018 జూలైలో నేనును మా యింటివారును అక్కడికి పోయినప్పుడు, అల్లుడు మమ్ములను కార్క్‌స్క్రూ అను సంరక్షిత వనమునకు తీసికొనిపోయెను. మోకాటిలోతు నల్లని నీరు, అందులో సైప్రసు మహావృక్షములు. నీటిపై కొయ్యపలకల బాట రెండుమైళ్లకు పైగా సాగును. ఒకచోట త్రిపాదిమీద దూరదర్శిని అమర్చి, జనులు వరుసగా నిలిచి చూచుచుండిరి. దేవాలయమున దర్శనమునకు నిలుచున్నట్లుండెను. ఆ చెట్టు వందల యేండ్లది. దానిమీద దాదాపు యాబదియడుగుల యెత్తున 2007 లో ఈ మొక్కను కనుగొనిరట. నేను కన్నుపెట్టి చూచితిని. తెల్లని చుక్క, తదేకముగా చూడగా తోకలు, గొట్టము, గాలికి ఊగుట. ఆకు లేదు. మా యింటివారు చూచి, "ఇంత దూరము వచ్చి చూచినది ఇదియా? మన చెఱువుగట్టు చింతచెట్టుమీది పువ్వు ఇంతకంటె బాగుండును గదా" అనిరి. నేను మాటలాడలేదు. ఆ చింతచెట్టుమీద నేను మిగిల్చినదేమి?

ఆ యూబులలో దయ్యపు ఆర్కిడ్డు సైప్రసుమీదనే గాక పాండ్ ఆపిల్ అను చెట్టుమీద పెరుగును. అది మన సీతాఫలమునకు తోబుట్టువు, ఒకే జాతి. ఊబిలోని తేమ, సీతాఫలపు చుట్టము బెఱడు, ఆ బెఱడుమీది బూజు, ఇవన్నియు కుదిరినచోటనే విత్తు మొలచును. ఫకాహాచీ అను ఊబిలో రెండవ ప్రపంచయుద్ధకాలమునుండి 1950 దశకమువఱకు సైప్రసు కలపకై రైలుదారులు వేసి నఱికివేసిరి. కార్క్‌స్క్రూ వనమును 1954 లో పక్షిప్రేమికుల సంఘమువారు కొని కాపాడినందున అక్కడి ముసలి చెట్లు మిగిలినవి. ఫకాహాచీ 1974 లో ప్రభుత్వపు రక్షితభూమి యైనది. కలపవారు వెడలిన తరువాత పూలదొంగలు వచ్చిరి.

వారిలో ఒకని వ్యవహారము లోకప్రసిద్ధమైనది. 1994 డిసెంబరులో ఒక మొక్కల వ్యాపారియు, సెమినోల్ అను ఆదిమజాతికి చెందిన ముగ్గురును ఫకాహాచీనుండి తలగడగలీబులలో రెండువందలకు పైగా మొక్కలను నింపుకొని వచ్చుచు పట్టుబడిరి. దయ్యపు ఆర్కిడ్లును అందులో నున్నవి. ఆదిమజాతివారికి ఆ చట్టము వర్తింపదని వారి వాదము. న్యాయస్థానము ఒప్పుకొనలేదు. సూసన్ ఆర్లీన్ అను రచయిత్రి ఈ కథను 1998 లో గ్రంథముగా వ్రాసెను. 2002 లో దానినుండి చలనచిత్రమును వచ్చెను. ఆ వ్యాపారి చెప్పిన మాట యొకటి నన్ను చాలదినములు వెంటాడినది. తాను వీనిని ప్రయోగశాలలో వేలకొలదిగా పెంచి అమ్మినచో ధర పడిపోవును, ధర పడిపోయినచో ఎవడును అడవిలో దొంగిలింపడు, కావున తాను మొక్కకు మేలే చేయుచున్నానని అతని లెక్క. దొంగ మాటయని త్రోసివేయుటకు వీలులేనంత సబబుగా నున్నది. నడ్సన్ సీసాలు వచ్చిన తరువాత ఇతర ఆర్కిడ్ల ధర అట్లే పడలేదా?

ఆలోచించి చూడగా అతని లెక్కలో తప్పు ఒక్కచోటనే యున్నది. పెంచుటకు మొక్కను పెఱుకనక్కఱలేదు. పండిన కాయ ఒక్కటి చాలును. ఆ పని ఎట్లు చేయవలెనో తరువాతి కాలమున చేసి చూపిరి. ఫ్లారిడా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు రక్షితవనములలో కాయలనుండి విత్తులు తీసి సీసాలలో మొలిపించిరి. మొలకలు వేళ్లు చాచిన తరువాత వానిని మట్టిలో పెట్టలేదు. మన ధాన్యపు బస్తాల గోనెపట్ట యున్నది గదా, ఆ గోనెగుడ్డ ముక్కలమీద ప్రాకించి, కొన్ని నెలలు గాజుటింటిలో బయటి గాలికి అలవాటుచేసి, పిమ్మట ఊబిలోని చెట్లకు గోనెతోకూడ బిగించిరి. కొన్నియేండ్లలో గోనె క్రుళ్లిపోవును. వేరు బెఱడును పట్టుకొనును. ఈ ఫలితములను 2017 లో ప్రకటించిరి. ఆ యేటి సెప్టెంబరులోనే ఇర్మా యను తుపాను ఆ ప్రాంతముమీద పడినది. తుపాను మాట మన కోస్తావారికి నేను వర్ణింపనక్కఱలేదు.

ఒక్క చెట్టు, ఒక్క బూజు చాలునా? చాలదు. పువ్వు తెల్లగా నుండి రాత్రి వాసన వేయుటకు కారణము చిమ్మట. నువ్వుచేలలో వ్రేలిలావున, ఆకుపచ్చగా, తోకవైపు కొమ్ముతో నుండు పురుగును మీరెఱుగుదురు. అది పెద్దదై రెక్కలు తొడిగిన పిమ్మట అగు చిమ్మట కుటుంబమునకు చెందినవే యీ పువ్వునకు వచ్చునవి. గొట్టము అంత పొడుగు గనుక మిక్కిలి పొడుగు నాలుకగల పెద్దచిమ్మట యొకటి మాత్రమే దీనిని ఫలింపజేయునని చాలకాలము పుస్తకములలో వ్రాసిరి. ఎవరును కంటితో చూడలేదు. ఛాయాచిత్రకారులు యంత్రములను చెట్లకు కట్టి, దోమలతో, మొసళ్లతో సహవాసము చేసి, రాత్రులు కాచి చిత్రములు తీయగా, 2019 లో శాస్త్రజ్ఞులు నిజము ప్రకటించిరి. వచ్చునవి ఒకటికంటె ఎక్కువ జాతులు. అత్తిజాతి చెట్ల ఆకులు తిని పెరుగు మఱియొక చిమ్మట తలకు పుప్పొడి ముద్ద అంటుకొనియుండుట చిత్రమున కనబడినది. నాలుక మఱీ పొడుగైన పెద్దచిమ్మట దూరమునుండియే తేనె త్రాగి, పుప్పొడి తగులకుండ పోవుచుండవచ్చునట. లోకము నూఱేండ్లు పెండ్లిపెద్దయని గౌరవించినవాడు భోజనము చేసి చదివింపులు చదివింపకుండ పోవు చుట్టమై యుండవచ్చును.

2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వపు వన్యప్రాణిశాఖ ఈ మొక్కను అంతరించు ప్రమాదముగల జాతులలో చేర్చుటకు ప్రతిపాదించెను. అప్పటికి ఫ్లారిడాలో మిగిలినవి పదునైదువందల ప్రాంతమనియు, పూత పూయు వయస్సు వచ్చినవి అందులో సగమునకు తక్కువయనియు లెక్క. అవి యెక్కడెక్కడ నున్నవో కావలివారు బయటికి చెప్పరు. కార్క్‌స్క్రూలోని ముసలి సైప్రసు మీదిది మాత్రము బహిరంగము. దానికి కాపలా యాబదియడుగుల యెత్తు.

నేను అమెరికానుండి తిరిగివచ్చిన తొలకరిలో మా చెఱువుగట్టున రోడ్డు వెడల్పు చేయుటకై చింతచెట్లను రెంటిని కొట్టివేసిరి. కట్టెలు కొనుటకు వచ్చినవారికంటె ముందుగా పోయి, పడిన కొమ్మలలో బదనికలున్నవాని నేఱితిని. నాలుగు దొరకినవి. బెఱడును ఊడదీయక, కొమ్మముక్కతో సహా రంపముతో కోయించి, మా పెరటి మామిడిచెట్టునకు ఉత్తరపు ప్రక్క, మధ్యాహ్నపు ఎండ తగులనిచోట, గోనెపీచుతో బిగించి కట్టితిని. మట్టి పెట్టలేదు, ఎరువు పెట్టలేదు. వాన లేని దినములలో సాయంకాలము కొంచెము నీరు చిలుకరించితిని. ఒకటి చచ్చినది. ఒకటి రెండేండ్లు ఊరక యుండి పోయినది. మిగిలిన రెంటి వేళ్లు కొమ్మముక్కను దాటి మామిడి బెఱడుమీదికి ప్రాకినవి. మూడవ వేసవిలో ఒకటి పూచినది. మా యింటివారు నన్ను పిలిచి చూపిరి. మీ యూరిలో చెట్టు కొట్టుట తప్పనిదైనప్పుడు ఈ విధముగా చేసి చూడుడు. కట్టు బిగువుగా నుండవలెను, ఊగినచో వేరు పట్టదు.